ఒక సీజన్ పాసు మీద రెండు ముఖాలు

టికెట్ల ఆఫీసులో ఉద్యోగమంటే టికెట్లు ఇవ్వడమే కదా అనుకుని చేరాను. చేరిన వారానికే తెలిసింది, అక్కడ రోజంతా చేసే పని "లేవు" అని చెప్పడమని. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ మాటే రకరకాలుగా చెప్పి పోయినేడు రిటైరయ్యాను. ఇప్పుడు ఆ కిటికీ వెనక కూర్చోబోతున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి "మేడమ్, ఏమైనా నేర్పండి" అంటున్నారు. కంప్యూటర్‌లో పాసు ఎలా కొట్టాలో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగేది నన్ను దిమ్మతిరిగేలా చేసిన సంగతులే. అందులో పెద్దది చివర్లో జరిగింది, అది నా తప్పే.

కాలేజీ ఫుట్‌బాల్‌కి ఇంత క్యూనా?

మాది నల్లగొండ వైపు నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. మా నాన్న మరమగ్గాల మీద పనిచేశాడు. మావాళ్ళు వాటిని సాంచెలంటారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే డిగ్రీ చదివి, ఉధ్నా వైపున్న ఒక ప్రైవేటు కాలేజీ క్రీడల ఆఫీసులో చేరాను. చలికాలంలో కాలేజీల మధ్య ఫుట్‌బాల్ లీగు జరిగేది. మా మైదానంలో ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి మ్యాచ్. "సీజన్ టికెట్లు మీరు చూసుకోవాలి" అని చెబితే లోపల నవ్వుకున్నాను. ఇది క్రికెట్ ఊరు. పిల్లలు ఆడే ఫుట్‌బాల్‌కి డబ్బిచ్చి, అదీ సీజన్ మొత్తానికి, ఎవడు కొంటాడు?

మొదటి రోజు పొద్దున కిటికీ తెరిచి నివ్వెరపోయాను. క్యూ గేటు దాటి, రోడ్డు దాటి, సోడా బండి దాకా ఉంది. జుట్టులో దూది పింజలు పట్టుకుని అలాగే వచ్చిన ఒడియా మగ్గం కార్మికులు, ఎంబ్రాయిడరీ చేసే బెంగాలీలు, మన తెలంగాణవాళ్ళు, ఊరి అవతల హజీరాలోని పెద్ద కంపెనీల్లో పనిచేసే ఆంధ్రా ఇంజనీర్లు. అందరూ ఒకటే వరసలో. గుజరాతీలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ బయటినుంచి బతకడానికి వచ్చినవాళ్ళ ఆట అని నాకప్పటిదాకా తెలియదు. పుట్టి పెరిగిన ఊరే, అయినా తెలియదు.

అప్పట్లో సీజన్ టికెట్టంటే చిన్న పుస్తకం. మ్యాచ్‌కి ఒక చీటీ చొప్పున చింపి ఇవ్వాలి. ధర ఒక మగ్గం కార్మికుడి ఒక రోజు కూలీ.

జయంతిభాయి

నా మొదటి బాస్ జయంతిభాయి. చేరిన నెలలోనే నేను ఒక వరస మొత్తం రెండుసార్లు అమ్మేశాను. మొదటి మ్యాచ్ రోజు ఒకే బెంచీ మీదికి రెండు కుటుంబాలు వచ్చి పోట్లాట. నేను కంగారుగా పుస్తకాలు తిరగేస్తుంటే ఆయన వచ్చి ఇద్దరికీ దండం పెట్టి, ఒక కుటుంబాన్ని తీసుకెళ్ళి ట్రస్టీల సోఫాలో కూర్చోబెట్టాడు. ట్రస్టీలు వచ్చి నిలబడ్డారు. ఒక ట్రస్టీ ముఖం కందగడ్డ అయింది.

తర్వాత నన్ను తిట్టలేదు. ఒకటే అన్నాడు. "చూడు సులోచనాబెన్, మనం ఇక్కడ తప్పు చేస్తే మన జీతం ఆగదు. అక్కడ ఎవడో నిలబడాల్సి వస్తుంది. ఆ నిలబడేవాడు ఎవడా అని ముందు చూడు."

ఆ మాట గోడ మీద రాసి పెట్టుకోవలసింది. నేను విని తలూపి, మరుసటి రోజు నుంచి కౌంటర్‌ఫాయిళ్ళు జాగ్రత్తగా చింపడం నేర్చుకున్నాను. అంతే నేర్చుకున్నాను.

రోజు కూలీ నుంచి వారం కూలీకి

జయంతిభాయి వెళ్ళాక చాలామంది వచ్చారు. చివరి కొన్నేళ్ళు జిగ్నేష్‌భాయి. ఒక ట్రస్టీకి మేనల్లుడు. చెడ్డవాడని అనను. నా కూతురి ఆపరేషన్‌కి తన కారు పంపించిన మనిషి. కానీ ఆయనకి మైదానంలో మనుషులు కనపడేవాళ్ళు కాదు, కుర్చీలే కనపడేవి.

ఆయన వచ్చిన రెండేళ్ళకే సీజన్ పాసు ధర వారం కూలీ అయింది. పుస్తకం పోయి ప్లాస్టిక్ కార్డు వచ్చింది. స్టాండ్ మధ్య భాగంలో తెల్ల ముసుగులు తొడిగిన కుర్చీలు వేశారు. ఆ కుర్చీల పాసులు దీపావళికి మిఠాయి డబ్బాలతో కలిపి నూలు వ్యాపారులకీ, చీరల మార్కెట్ సేఠ్‌లకీ, హజీరా కంపెనీలకీ వెళ్ళేవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, జనం కూర్చునే చోటు ఊరికే పంచేశారు. అమ్మకం మొదలైన రోజే మధ్యాహ్నానికల్లా "పాసులు లేవు" బోర్డు పెట్టించేవారు.

లేవని చెప్పి శనివారం చూస్తే మధ్యలో ఖాళీ! తెల్ల ముసుగుల మీద కాకులు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున ఎంతమందికి లేవని చెప్పి పంపించాను! జిగ్నేష్‌భాయిని అడిగితే "అమ్ముడైంది కదా బెన్, వస్తారో రారో మనకెందుకు?" అన్నాడు. నేను రెండో మాట అనలేదు. రిటైర్మెంట్ దగ్గర పడుతోంది, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. పిల్లలూ, మీకు కూడా ఈ మాట అనిపించే రోజు వస్తుంది. అది మంచి మాట కాదు.

నేను పట్టుకున్న దొంగలు

పాసులు కరువైతే బ్లాకు పుడుతుంది. టీ కొట్టు దగ్గర ఎవరో పాసులు ఎక్కువకి అమ్ముతున్నారని ఫిర్యాదు వచ్చింది. జిగ్నేష్‌భాయి నన్ను పిలిచి పట్టుకోమన్నాడు.

గేటు దగ్గర యంత్రానికి కార్డు చూపిస్తే అది మనిషి ఫోటో కూడా తీసేది. నేను మూడు రోజులు కూర్చుని ఆ ఫోటోలన్నీ చూశాను. చూస్తుంటే కళ్ళు చెదిరాయి. ముప్పై ఆరు కార్డుల మీద రెండేసి ముఖాలు! రెండు శనివారాలు ఒకడు వస్తాడు, తర్వాత రెండు శనివారాలు ఇంకొకడు వస్తాడు. మళ్ళీ మొదటివాడు. పద్ధతి ప్రకారం, గడియారం తిరిగినట్టు. ఇంత ధైర్యంగా అద్దెకి తిప్పుతున్నారా అని నోరు తెరిచాను. అందరూ పాండేసరా, వడోద్, సచిన్ లాంటి మగ్గాల పేటల చిరునామాలవాళ్ళు. ఇంకేముంది, దొంగలు దొరికారు.

ఒకే మధ్యాహ్నం ముప్పై ఆరు కార్డులూ రద్దు చేశాను. ఎవరినీ పిలిచి అడగలేదు. జిగ్నేష్‌భాయి మెచ్చుకుని ఆఫీసంతటికీ ఐస్‌క్రీమ్ తెప్పించాడు. ఆ సీట్లు సాయంత్రానికల్లా ఇంకో కంపెనీ అతిథులకి వెళ్ళిపోయాయి. నేనూ ఐస్‌క్రీమ్ తిన్నాను.

ఆ శనివారం సెమీఫైనల్.

మల్లేశం

సోమవారం సాయంత్రం ఏడున్నరకి కిటికీ మూసేస్తున్నాను. యాభై ఏళ్ళ మనిషి, పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా నిండా నూలు పోగులు.

"అక్కా, జర ఆగు. మూయకు. నువ్వు తెలుగామెవే గద?"

"ఏంది చెప్పు."

కార్డు కిటికీలోంచి తోశాడు. డి వరస, పదిహేడో సీటు. పేరు మల్లేశం.

"గేటు కాడ ఎర్ర లైటు పడ్డదట. ఏమైంది దీనికి?"

"బ్లాక్‌ల తిప్పుకుంటే ఎర్ర లైటు గాక పచ్చ లైటు పడ్తదా?"

"బ్లాకా?" అతను నిజంగానే బిత్తరపోయాడు. "ఎవలికి అమ్మిన నేను?"

నేను కంప్యూటర్ తెర అతని వైపు తిప్పాను. పక్కపక్కనే రెండు ఫోటోలు. ఒకటి అతనిది. రెండోది సన్నగా, నల్లగా, బుగ్గలు లోపలికి పోయిన ఇంకొకరిది.

"గీయనెవరు మరి?"

మల్లేశం ముఖం ఒక్కసారి వెలిగింది. "గాయన సురేందర్ భాయి! మా జోడీ."

"జోడీ అంటే?"

"ఒకటే సాంచెల మీద ఇద్దరం అక్కా. నాది పగటి పాలి ఉంటే ఆయనది రాత్రి పాలి. పొద్దుగాల ఏడు నుంచి రాత్రి ఏడు దాంక నేను, ఆడికెల్లి ఆయన. పదిహేను దినాలకోసారి బదలైతది. రాత్రి పాలి ఉన్నోడే గద పగలు మ్యాచ్‌కు పోయేది? ఒక్కడే పాసు తీస్కుంటే సగం మ్యాచ్‌లు దండుగ. ఇప్పుడైతే వారం కూలీ అక్కా, ఎవలు పెడ్తరు? గందుకే ఇద్దరం కల్సి ఒకటి తీస్కుంటం. పదకొండేండ్లాయె."

నేను తెర మీద తేదీలు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.

"మ్యాచ్‌కు పోయినోడు వచ్చి రెండోవానికి చెప్తడు," అన్నాడు. "పాలి మారేటప్పుడు. సాంచెల చప్పుడుకు ఏం ఇనవడదు గద, చేతులతోనే చెప్తం. గిట్ల వేళ్ళు చూపెడ్తే గోలు. గిట్ల అంటే రెఫ్రీ మోసం చేసిండని." చేతులు తిప్పి చూపించి నవ్వాడు. "మేము ఇద్దరం కల్సి ఒక్క మ్యాచ్ గూడ చూడలే. ఎట్ల చూస్తం?"

నేను సాంచెల ఇంట్లో పుట్టినదాన్ని. మా నాన్న పగలు పడుకున్న చాప మీద రాత్రి ఇంకొకాయన పడుకునేవాడు. మా ఇంట్లో కంచాలు పాలి ప్రకారం కడిగేవాళ్ళు. రెండు శనివారాలు ఒకడు, రెండు శనివారాలు ఒకడు అని తెర మీద చూసినప్పుడు ఊళ్ళో ఎవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. తట్టలేదు. ఎప్పుడు మరిచిపోయాను? ఏసీ గదిలోకి ఎప్పుడొచ్చానో అప్పుడే అయి ఉంటుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మొన్న శనారం ఏం జేసిండు ఆయన?" అని అడిగాను.

"గోడ బయట నిల్సున్నడట. ఆట అయిపోయేదాంక. లోపల జనం ఒర్రుతుంటే గోలు పడ్డదని ఎర్కైంది, ఎవలు కొట్టిన్రో ఎర్కగాలే." కార్డు ఇంకాస్త లోపలికి జరిపాడు. "అక్కా, వచ్చే శనారం ఫైనల్. అది చూసి సురేందర్ భాయి ఊరికి పోతడు. ఇగ రాడు. ఛాతి ఖరాబైంది, డాక్టర్ దుమ్ములకు పోవద్దన్నడు. ఆ ఒక్క మ్యాచ్ చూడనియ్యి. కావాల్నంటే నా పేరు కొట్టేయ్, ఆయన పేరు రాయి."

"చూస్తడు," అన్నాను. "నేను పాసు ఇప్పిస్త. ఆయనకు చెప్పు."

"మా డ్రాయర్‌లో ఉన్నాయనుకుంటానండీ"

మర్నాడు జిగ్నేష్‌భాయి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. విని "అయ్యో" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. వెంటనే "కానీ సీట్లు ఇచ్చేశాం కదా బెన్, ఎక్కడి నుంచి తెస్తాం?" అన్నాడు. నేను అప్పటిదాకా ఆయన ముందు గొంతు పెంచింది లేదు. ఆ రోజు ఆఫీసంతా వినేలా అరిచాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసింది నేను, ఆ పాపం నాది, సీట్లు తెచ్చేదాకా ఇంటికి వెళ్ళనన్నాను. ఆయన బెదిరిపోయి మిగతా ముప్పై ఐదు కార్డులకి తెల్ల ముసుగుల కుర్చీల్లోనే చోటు చూపించాడు. ఆ పని అంత తేలిగ్గా అయిపోవడం చూసి ఇంకా ఆశ్చర్యపోయాను. ఇన్నాళ్ళూ అడగకపోవడమే అడ్డమన్నమాట.

కానీ మల్లేశం జోడీ సురేంద్రకి నేను ఆయన సీటే ఇవ్వాలనుకున్నాను. డి పదిహేడు హజీరాలో ఒక కంపెనీకి వెళ్ళింది. అక్కడి మేనేజరు తెలుగాయనే, గుంటూరు వైపు మనిషి. ఫోన్ చేశాను.

"ఏ పాసులండీ?" అన్నాడాయన. "ఓ, అవా! మా డ్రాయర్‌లో ఉన్నాయనుకుంటానండీ. మావాళ్ళెవరూ వెళ్ళరండీ. శనివారం ఎవరొస్తారండీ అంత దూరం?"

ఒకాయన రెండు గంటలు గోడ బయట నిలబడ్డాడు, ఆ పాసేమో డ్రాయర్‌లో పడుకుంది. ఆ మాటే ఫోన్‌లో చెప్పాను. మేనేజరు మంచివాడే, గురువారం సాయంత్రానికి డ్రైవర్‌తో పాసు పంపించాడు.

ఏడు గంటల పాలి

శుక్రవారం సాయంత్రం నేనే వడోద్ వెళ్ళాను. పాలి మారే వేళకి వెళితే ఒకరు బయటికి వస్తూ, ఒకరు లోపలికి పోతూ ఇద్దరూ దొరుకుతారని లెక్క. కార్ఖానా గేటు దగ్గర రిక్షాలోనే కూర్చున్నాను. కార్డు పర్సులో పెట్టుకుని పదిసార్లు చూసుకున్నాను, ఉందా లేదా అని.

ఏడింటికి మల్లేశం బయటికి వచ్చాడు. ఎవరో కొత్త మనిషి, మీసాలాయన, లోపలికి వెళ్ళాడు.

"సురేంద్ర ఏడి?"

"ఆయన నిన్ననే ఊరికి పోయిండక్కా."

"పోవుడేంది? రేపు గద ఫైనల్!"

"గేటు కాడ ఆపినంక ఆయన మనసు ఇరిగింది. దొంగ లెక్క చూసిన్రన్నడు. బండిల సీటు దొరికింది, ఎక్కిండు."

"నేను పాసు ఇప్పిస్తనన్నది చెప్పలేదా నువ్వు?"

మల్లేశం నేల చూపులు చూశాడు. "చెప్పిన. 'దఫ్తరోళ్ళు గట్లనే అంటరు' అన్నడు."

అక్కడే గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్ళ మధ్య నాకు ఏడుపొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, పర్సు పట్టుకుని ఏడ్చాను. మల్లేశమే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. "తప్పయిందయ్యా" అన్నాను. "సరే అక్కా" అన్నాడు. అంతకంటే ఏమంటాడు?

కార్డు అతని చేతిలో పెట్టబోతే తీసుకోలేదు.

"నాది పగటి పాలి గద. ఈ కొత్తోనికి పనింకా చేతికి రాలే. నేను ఒక పూట రాకుంటే సేఠ్ నా సాంచెలు ఇంకొకనికి ఇస్తడు. నువ్వే ఉంచుకో." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇగ ఆయనకు ఫైనల్ సంగతి ఎవలు చెప్తరో. నేను పోకపోతి, ఆయన పోకపోయె."

"నేను చూసొచ్చి చెప్త," అన్నాను.

నమ్మనట్టు చూశాడు. "నీకు ఆట సమజైతదా అక్కా?"

"ఎందుక్కాదు?" అన్నాను. అబద్ధం. ఆ మైదానానికి వీపు చేసి కూర్చోవడమే నా ఉద్యోగం. ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు.

డి పదిహేడు

ఫైనల్ రోజు కిటికీ ఇంకొకరికి అప్పగించి, కాగితం, పెన్ను పట్టుకుని వెళ్ళి ఆ సీట్లో కూర్చున్నాను.

కూర్చోగానే నిర్ఘాంతపోయాను. నా కుడి భుజానికి తగులుతూ కప్పుని మోసే సిమెంటు స్తంభం! కుడి చేతి వైపు గోల్‌పోస్టు అసలు కనపడదు. మెడ ఎంత సాచినా సగం మైదానమే. ఇన్నేళ్ళుగా ఈ సీటు అందరితో సమానంగా పూర్తి ధరకి అమ్మింది నేనే. కాగితం మీద అన్ని సీట్లూ ఒకేలాంటి గళ్ళు కదా! ఎవరూ వచ్చి ఫిర్యాదు చేయలేదు, నేనూ వచ్చి చూడలేదు.

ఆట అర్థమైనంతవరకు రాసుకున్నాను. ఎర్ర చొక్కాలవాళ్ళు మనవాళ్ళు. చెరొక గోలు. చివర్లో మనవాళ్ళు బంతి తీసుకుని కుడి వైపు దూసుకుపోయారు. స్తంభం వెనక్కి వెళ్ళారు. స్టాండ్ మొత్తం లేచి కేకలు. గెలిచామని పక్కన కూర్చున్న బెంగాలీ ఆయన చెబితే తెలిసింది.

ఏడింటికి కార్ఖానా గేటు దగ్గరికి వెళ్ళాను. మల్లేశం బయటికి వస్తూనే ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "నువ్వే చెప్పక్కా, మంచిగుంటది." అవతల దగ్గు వినపడింది, తర్వాత మెల్లటి గొంతు. సురేంద్ర గొంతు వినడం అదే మొదటిసారి. హిందీలో మాట్లాడుకున్నాం.

ముందు క్షమించమని అడిగాను. ఆయన "ఎవరు గెలిచారు?" అన్నాడు. చెప్పాను. కాగితం చూసి అంతా చదివాను.

"చివరి గోలు ఎలా పడింది? తలతో కొట్టాడా, కాలితోనా?"

"నేను చూడలేదు, సురేంద్రభాయి. మీ సీట్లోనే కూర్చున్నాను. స్తంభం అడ్డమొచ్చింది."

ఆయన నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు. నేను ఆగలేకపోయాను.

"పదకొండేళ్ళు ఆ సీటుకి మీ దగ్గర పూర్తి డబ్బు తీసుకున్నాను. ఒక్క మాట చెబితే మంచి సీటు మార్చి ఇచ్చేదాన్ని కదా!"

"లేదు బెన్, అది మేము కావాలనే తీసుకున్నది," అన్నాడు. "రాత్రంతా మగ్గాల దగ్గర నిలబడి వస్తాం. కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి. పక్కవాళ్ళ మీద పడితే తిడతారు. ఆ స్తంభానికి ఆనుకుంటే పడిపోం. సగం మైదానమైనా మెలకువగా చూస్తాం."

ప్రతి ఏడాదీ అమ్మకం మొదలైన రోజున ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు తెల్లవారకముందే వచ్చి వరసలో నిలబడి, నా కిటికీ దగ్గరికి వచ్చి, ఇంకే సీటూ వద్దు, డి పదిహేడే కావాలని అడిగి ఉంటారు. ఆ సీటే ఎందుకు అని నేను ఒక్క ఏడాది కూడా అడగలేదు.